తేనెపెట్టెలకు నల్లి పడిన ఏడు

రిటైర్ అయినవాళ్లు తమ ఉద్యోగం గురించి రాస్తారు. నా ముఖం చూస్తే ఎవరూ నన్ను ఆ వరుసలో కూర్చోబెట్టరు. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. అయినా నేను నిజంగానే రిటైర్ అయ్యాను, అదీ జనగామలో దవాఖాన మంచం మీద.

ఏళ్ల తరబడి తేనెటీగలతో పనిచేశాను. ఎన్నిసార్లు కుట్టించుకున్నానో లెక్క లేదు. కుట్టిన చోట గోరుతో ముల్లు గీకేసి మళ్లీ పనిలో పడేదాన్ని. అలాంటిది ఒక రోజు ఒక్క ఈగ మెడ మీద కుడితే ముఖమంతా వాచి, గొంతు బిగుసుకుపోయి, కింద పడిపోయాను. కళ్లు తెరిచేసరికి డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకుని ఉంది.

"ఇంకోసారి కుడితే నేను గ్యారంటీ ఇయ్యనమ్మా. ఇగ నువ్వు పెట్టె మూత తెరవద్దు" అంది.

"మూత తియ్యకుంట దూరంకెల్లి చూస్తే?" అని అడిగాను. ఆమె నవ్వలేదు. అంతే, నా ఉద్యోగం అక్కడితో అయిపోయింది.

మాది నర్మెట్ట. పదో తరగతి పాసయ్యాను, ఇంటర్ సగంలో వదిలేశాను. పల్లెల్లో ఆడవాళ్ల సంఘాలకు తేనెపెట్టెలు ఇచ్చి పెంచడం నేర్పే ఒక సంస్థలో చేరాను. స్కూటీ మీద ఊరూరా తిరిగి పెట్టెలు తెరిచి చూడడం, ఏది బాగుందో ఏది లేదో చెప్పడం నా పని. ఇప్పుడు ఆ పనిలో కొత్త పిల్లలు చేరారు. వాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు, నేను ఆగకుండా చెబుతుంటాను, మా అమ్మ ఫోన్ లాక్కుని కట్ చేస్తుంది. అందుకే రాస్తున్నాను. ఎవరూ కట్ చేయలేరు.

పని అంటే ఏమిటో ముందు చెబుతాను

ట్రైనింగ్‌లో పొగడబ్బా ఎలా ఊదాలో, రాణీగను ఎలా గుర్తుపట్టాలో నేర్పుతారు. అవన్నీ త్వరగానే వచ్చేస్తాయి. తలకు వాసన నూనె పెట్టుకోకండి, మల్లెపూలు పెట్టుకోకండి, నల్ల బట్టలు వేసుకోకండి. ఈగలకు అవి నచ్చవు. ఇంతవరకు సులభం.

కష్టమంతా మనుషులతోనే. ఇంటికి వెళ్లగానే పెట్టె దగ్గరికి పరుగెత్తకండి. ముందు కూర్చోండి. చాయ్ ఇస్తే తాగండి, చక్కెర ఎక్కువైనా తాగండి. పెట్టెలో ఏదైనా తేడా కనిపిస్తే "ఏం చేసినవ్?" అని అడగకండి. అలా అడిగితే ఆమె చేసింది దాచేస్తుంది, మీకు రోగం దొరకదు. "ఏం అయింది?" అని అడగండి. నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. నల్లి పడిన ఏడు తెలిసింది. ఆ ఏడు సంగతే చెబుతాను. ఇన్నేళ్లలో నేను గర్వపడే పని ఏదని అడిగితే అదే.

తోడు

ఆ ఊరు నెల్లికుదురు మండలంలో ఉంది. పేరు రాయను. రాస్తే అక్కడి ఆడవాళ్లు నన్ను మళ్లీ ఊళ్లో అడుగు పెట్టనివ్వరు. చుట్టూ మిర్చి చేలు, మామిడి తోటలు, గట్ల మీద కానుగ చెట్లు. ఇళ్ల వెనక పెరట్లో తేనెపెట్టెలు.

ఊళ్లో మొదటి పెట్టె తీసుకున్నది మల్లవ్వ. అరవై దాటిన మనిషి. మిగతావాళ్లంతా కుడతాయని దూరం జరిగితే, "కుడితె కుట్టనీ, పాము గాదు గద" అని ముందుకొచ్చిందట. ఆమె పెట్టెలే ఊళ్లో అన్నిటికంటే బలంగా ఉండేవి. ఆ ఊరి పెట్టెలన్నీ ఒక రకంగా ఆమె పెట్టెల పిల్లలే.

ఎందుకంటే ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పాలు తోడేయడానికి పక్కింటి నుంచి కాస్త పెరుగు తెచ్చుకున్నట్టే, ఎవరి పెట్టెలోనైనా ఈగలు తగ్గితే, బలంగా ఉన్న పెట్టె నుంచి పిల్ల ఉన్న ఫ్రేము ఒకటి తెచ్చి అందులో దించుతారు. ఫ్రేము అంటే పెట్టెలో నిలబెట్టే చెక్క చట్రం, ఈగలు మైనపు గూళ్ల తెట్టె కట్టేది దానికే. పిల్ల అంటే ఆ గూళ్లలో పెరుగుతున్న చిన్న ఈగలు. అవి రెక్కలొచ్చి బయటికొస్తే ఆ పెట్టె కోలుకుంటుంది. ఇది మా ట్రైనింగ్‌లోనూ చెబుతారు. కానీ వాళ్లు దానికి తోడు అని పేరు పెట్టారు. పేరుతోపాటు మర్యాదలూ వచ్చాయి. తోడు అడిగితే లేదనకూడదు. తీసుకునేటప్పుడు అటూ ఇటూ తిప్పి చూడకూడదు, చూస్తే ఇచ్చినవాళ్లను అనుమానించినట్టు. పక్కింటి కూరగిన్నె ఖాళీగా వాపస్ ఇవ్వరు కదా, అలాగే ఫ్రేము కూడా ఖాళీగా ఇవ్వరు. పెట్టె కోలుకున్నాక తమ పిల్లతో నింపి ఇస్తారు.

నాకు ఆ పద్ధతి ఎంత నచ్చేదో. వేరే ఊళ్లకు వెళ్లి అక్కడి ఆడవాళ్లకు "వాళ్లను చూసి నేర్చుకోండి" అని చెప్పేదాన్ని.

నడిచే ఈగలు

మామిడి పూత అయిపోయింది, కానుగ పూతకు ఇంకా టైముంది. ఆ రోజుల్లో స్వరూప ఫోన్ చేసింది. స్వరూప మల్లవ్వ కోడలు. అత్తకు తగ్గ కోడలు, నోటికి మూత ఉండదు.

"సుజాతా, రమక్క పెట్టె ముంగట ఈగలు నడుస్తున్నయే" అంది. రమ వాళ్ల పక్కింటామె.

"నడుస్తున్నయా, ఎగురుతలేవా?"

"ఎగురనీకి రెక్కలు సక్కగుంటె గద. ముడుసుకపోయినయి. కింద పడి దేకుతున్నయి. నీ స్కూటీ లెక్కనే ఉన్నయి, స్టార్ట్ అయితలేవు."

వెళ్లి తెరిచాను. పిల్ల గూళ్ల మీద మైనం మూతలు నిండుగా, నున్నగా ఉండాలి. ఇక్కడ చిల్లులు పడి ఉన్నాయి. మధ్యమధ్యలో గూళ్లు ఖాళీ. కొన్నిట్లో పిల్ల చనిపోయి వాసన వస్తోంది. తెట్టె ముక్క కోసి డబ్బాలో పెట్టి ల్యాబుకు పంపాను. అక్కడ ఒక మేడం ఉంది. ఎప్పుడు ఫోన్ చేసినా విసుక్కోని మనిషి. చూసి ఆమే ఫోన్ చేసింది.

"ఇది నల్లి సుజాతా. పెద్ద రకం కాదు, చిన్నది, బాగా పరుగెత్తే రకం. ఈగల మీద కాదు, పిల్ల మీద బతుకుతుంది. పిల్ల దొరక్కపోతే కొద్ది రోజులకు మించి బతకదు. మనకున్న దారి అదొక్కటే."

"అంటే పిల్లంత తీసేయాలా మేడం?"

"మూత పడిన పిల్ల, పడని పిల్ల, మొత్తం. రాణీగను కొన్ని రోజులు చిన్న జాలీ డబ్బాలో ఉంచాలి, కొత్త గుడ్లు పెట్టకుండా. ఆ తర్వాత గంధకం పొడి ఎలా చల్లాలో చెప్తాను. కానీ ఒకటి. ఒక పెట్టెలో తీసి పక్క పెట్టెలో వదిలేస్తే చేసిందంతా వేస్ట్. ఊరంతా ఒకేసారి చేయాలి."

అదెంత పెద్ద మాటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు పిల్లను తీసేస్తే కానుగ పూసే నాటికి పెట్టెల్లో ఈగలు ఉండవు. ఆ ఊళ్లో ఏడాదికి పెద్ద తేనె కానుగదే. తీయకపోతే వానల నాటికి పెట్టెలే ఉండవు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఊరి పెట్టెల్లో కొన్నిటిని డీసీఎం వ్యానులో భూపాలపల్లి వైపు, ఘనపూర్ దగ్గర అడవి అంచుకు మద్ది పూతకు పంపడానికి అంతా మాట్లాడుకున్నాం. అక్కడ వేరే సంఘాల ఆడవాళ్లు అప్పుడప్పుడే పెట్టెలు మొదలుపెట్టారు. ఈ నల్లి డీసీఎం ఎక్కితే వాళ్ల పని కూడా అయిపోతుంది.

మిర్చి మందు

కొత్తగా చేరిన పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. రోగం పేరు చెప్పే ముందు ఏం చేయకూడదో చెప్పండి.

నల్లి అన్న మాట ఊళ్లో పడగానే అందరి మనసు కాస్త కుదుటపడింది. మిర్చి పండించే ఊరు కదా, నల్లి వాళ్లకు పాత శత్రువు. స్వరూప భర్త విని, "నల్లేనా, గంతేనా, దానికింత పరేషానెందుకు" అనుకున్నాడు. మిర్చి తోటకు కొట్టే మందే డబ్బాలో కలిపి, చేను దగ్గరున్న తమ పెట్టె మూత తీసి కొట్టాడు. పొద్దున చూస్తే పెట్టె అడుగున ఈగలు కుప్ప పడి ఉన్నాయి. పాపం, పెట్టె పక్కనే తల పట్టుకుని కూర్చున్నాడు. మల్లవ్వ వెళ్లి చూసి తిట్టలేదు.

"నల్లి సచ్చింది, ఈగలు సచ్చినయి. మందు మాత్రం మంచిదేరా" అంది.

ఆయన అత్యాశతోనో మొండితనంతోనో చేయలేదు. తనకు తెలిసిన వైద్యం చేశాడు. నల్లి పురుగులాంటిదే, ఈగ కూడా పురుగులాంటిదే, ఒకదాన్ని చంపేది రెండోదాన్ని వదలదు అని ముందే ఎవరైనా చెప్పి ఉంటే చేసేవాడు కాదు. ఆ తర్వాత నేను ఏ ఊరికి వెళ్లినా మొదటి మాట అదే చెప్పాను.

రాజిరెడ్డి సారు మీటింగు

మా సూపర్‌వైజర్ రాజిరెడ్డి సారు జనగామ ఆఫీసులో ఉండేవాడు. ఆయన గురించి నిజం చెబుతాను, చదివినా ఏమీ అనుకోడు. పని తెలిసిన మనిషి. మాకు జ్వరమొస్తే బండి పంపేవాడు. కానీ ఏది జరిగినా ముందు ఎవరి వల్ల జరిగిందో తేలాలి ఆయనకు. అది తేలితే సగం పని అయిపోయినట్టే అనుకునేవాడు.

సంఘం గదిలో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఎవరి దగ్గర తోడు తెచ్చుకున్నారో అడిగాడు. ఒక్కొక్కరూ నసుగుతుంటే, పేరు బయటికి అనకుండానే అందరి కళ్లూ మల్లవ్వ వైపే తిరిగాయి.

"అయితే మల్లవ్వా, గిది నీ పెట్టెలకెల్లే ఊరంత అంటుకున్నట్టు" అన్నాడు సారు.

మల్లవ్వ లేచి కొంగు నడుముకు చెక్కింది.

"నేనిచ్చిన తోడుతోని వీళ్ల పెట్టెలు బతికినయి సారూ. గప్పుడు మంచి సెయ్యి, గిప్పుడు పాడు సెయ్యి అయిందా?" అని వెళ్లిపోయింది.

ఆమె వెనక స్వరూప లేచింది, తర్వాత రమ, తర్వాత అందరూ. రమ గుమ్మం దగ్గర ఆగి నాతో అంది, "అవ్వ సేస్తె మేం సేస్తం. అవ్వ లేంది మేం ముట్టం."

ఖాళీ గదిలో సారు, నేను మిగిలాం.

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా సుజాతా?"

"అబద్ధం కాదు సార్. కాని పూర్తిగ నిజమని గూడ మనకు తెల్వదు గద."

ఆయన నన్ను కోపంగా చూశాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు. "డీసీఎం ఎల్లుండి వస్తది. పైవాళ్లు పంపమనే అంటరు. నేను జర ఆపుత. నువ్వు గా ముసలామెను ఒప్పియ్యి" అన్నాడు.

మిరపకాయల దగ్గర

మరునాడు పొద్దున్నే వెళ్లాను. మల్లవ్వ అరుగు మీద మిరపకాయలు గుట్ట పోసుకుని తొడిమలు తీస్తోంది. వచ్చినవా అనలేదు, కూర్చో అనలేదు. నేనే కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. తుమ్ములొస్తున్నాయి, వేళ్లు మండుతున్నాయి. ఈగల మాట ఎత్తలేదు.

స్వరూప చాయ్ తెచ్చి, "మా అత్త ఇయ్యాల మాట్లాడది. నోరు తెరిస్తె నల్లి దూరుతదట" అంది.

"నీ నోట్లె దూరుతది. ఎప్పటికి తెరిసే ఉంటది గద" అంది మల్లవ్వ.

కాసేపయ్యాక తలెత్తకుండానే అంది, "గా సారు నన్ను అందరి ముంగట దొంగను జేసిండు బిడ్డా."

"అవ్వా, నువ్వు ఎవరెవరికి ఇచ్చినవో నాకొద్దు. నీకు ఎవరెవరు వాపస్ ఇచ్చిన్రో చెప్పు."

ఆమె చేతులు ఆగాయి. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, తనూ అనుకోలేదు. వేళ్లు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. వానల తర్వాత ఫలానా ఆమె ఇచ్చింది, కంది పూతప్పుడు రమ ఇచ్చింది, రమ దగ్గరికి అంతకుముందు ఇంకొకరి ఫ్రేము వచ్చింది. నిండు ఫ్రేములు వెళ్లాయి, నిండు ఫ్రేములే వచ్చాయి. చెబుతూ చెబుతూ ఒక చోట ఆగిపోయింది. నాకు అర్థమైంది, ఆమెకు ఏదో గుర్తొచ్చింది.

"ఎవరో ఒకలు అంగట్ల బయటి పెట్టె కొనుక్కచ్చి..." అని మొదలుపెట్టి ఆపేసింది.

"ఎవరవ్వా?"

"నేను సెప్ప."

"చెప్పకు."

"తోడిచ్చినోళ్ల పేరు బయట పెడ్తరా ఎవరన్న. గా సారు పెట్టినట్టు నేను పెడ్తనా" అంది.

ఊరంతా వేలెత్తి చూపుతుంటే, తన మీది నింద పోగొట్టుకునే పేరు నోటిదాకా వచ్చినా మింగేసిన మనిషి ఆమె. ఆ పేరు నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

"అవ్వా, ఒక్కసారి నీ పెట్టెల ఫ్రేము తెల్ల పళ్లెంల కొట్టి చూద్దాం. నేను కాదు, నువ్వే కొట్టు" అన్నాను.

"నా పెట్టెలు మంచిగున్నయి."

"మంచిగుంటే మంచిదే కదా."

లోపలికి వెళ్లి తెల్ల పింగాణీ పళ్లెం తెచ్చింది. పద్ధతి చాలా తేలిక. పిల్ల ఉన్న ఫ్రేము తీసి, మీదున్న ఈగలను పెట్టెలోకే దులిపేసి, పళ్లెం అంచు మీద ఫ్రేమును ఠపీమని కొట్టాలి. నల్లి ఉంటే పళ్లెంలో రాలుతుంది. మల్లవ్వ తన బలమైన పెట్టెలోంచి ఫ్రేము తీసి కొట్టింది. ముగ్గురం వంగి చూశాం.

ఎర్రమట్టి రంగు చుక్కలు. నువ్వుగింజలో సగం కూడా ఉండవు. తెల్ల పళ్లెంలో అటూ ఇటూ ఉరుకుతున్నాయి. ఈగలు ఎక్కువగా ఉన్న పెట్టె కాబట్టి రోగం ఇంకా పైకి కనబడలేదు, అంతే. ఒకదాన్ని వేలితో నొక్కబోయింది మల్లవ్వ, అది తప్పించుకుంది.

"గింత లేదు, ఎంత ఉరుకుడు ఉరుకుతున్నది" అంది. పళ్లెం కాస్త వంచి మళ్లీ చూసి అడిగింది, "పిల్లంత తియ్యాలె?"

"అంత."

"మూత వడంది గూడ?"

"వడంది గూడ."

"కానుగకు ఈగలుండయి."

"ఉండయి అవ్వా."

ఏదో దారి ఉంటుందేమోలే అని చెప్పొచ్చు. అలా చెప్పడానికి నోరు దురద పెడుతుంది. చెప్పకండి. వాళ్లు మన దగ్గర వినాలనుకునేది ధైర్యం కాదు, లెక్క.

మల్లవ్వ పళ్లెంలో వేడినీళ్లు పోయించి కడిగి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "అయితే నేనిచ్చిన తోడు నేనే అడిగి తెస్త. సంచి తియ్యే స్వరూపా" అంది.

తోడు వాపస్

ముందు తన పెట్టెలే తెరిపించింది. రాణీగలను నేను పట్టి జాలీ డబ్బాల్లో పెడుతుంటే, పిల్ల ఉన్న తెట్టెలు ఆమె కత్తితో కోసి గోనె సంచిలో వేసింది. ఒక్క గూడు కూడా మిగల్చలేదు. ఆ తర్వాత ఇంటింటికీ బయలుదేరింది. ప్రతి గుమ్మం ముందు ఒకటే మాట.

"తోడు వాపస్ తీస్కపోనీకి వచ్చిన."

ఆ ఊళ్లో ఇచ్చిన తోడు తిరిగి అడిగినవాళ్లు లేరు. అడగడం అంటే తెగతెంపులు చేసుకున్నట్టు. అందుకే ఆ మాట విని మొదట అందరూ ఉలిక్కిపడ్డారు. కానీ ఆమె వెనక ఆమె సంచి ఉంది, అందులో ఆమె తెట్టెలు ఉన్నాయి. చూశాక ఎవరూ ఎదురు చెప్పలేదు. మా సంస్థ వాళ్లు చెబితే ఇంకొకరి పని. ఆమె అడిగితే అది ఇంటి పని.

రమ మాత్రం ఏడ్చింది. కోసిన తెట్టెలో తెల్లగా, పాలు పోసుకున్న గింజల్లా ఉంది పిల్ల.

"ఏడువకే. రాణీగ ఉన్నది. మల్ల పెడతది" అంది మల్లవ్వ.

"మల్ల పెట్టకపోతె?"

"పెట్టకపోతె ఈ సుజాతను కూసోబెడదాం గుడ్ల మీద" అంది స్వరూప. రమ ఏడుస్తూనే నవ్వింది.

ఊళ్లో కోళ్లకు మాత్రం ఆ రోజు పెళ్లి భోజనం. సంచి ఎక్కడికి వెళితే అక్కడికి వరుస కట్టి వచ్చాయి. సంచిలోంచి జారిన పిల్ల ఒక్కటి కూడా నేల మీద మిగల్లేదు. తెట్టెలన్నీ పెద్ద గంగాళంలో ఉడికించి మైనం తీశాం.

మధ్యాహ్నానికి రాజిరెడ్డి సారు వచ్చాడు. బండి దిగి అక్కడే నిలబడ్డాడు. మల్లవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"సారూ, సంచి బరువైంది. జర పట్టు" అంది.

సారు పట్టాడు. సాయంత్రం దాకా, ఇస్త్రీ చొక్కాకు తేనె కారుతుంటే, ఇంటింటికీ ఆ సంచి మోశాడు. ఒక్క ప్రసంగం చేయలేదు. క్షమించమని నోటితో అనలేదు, ఆమె అడగలేదు. అధికారులు ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నేను ఆ సంచి గురించి చెబుతాను.

ఇంకో మాట కూడా ఆయన గురించి చెప్పాలి. డీసీఎం ఆపినందుకు పైనుంచి గట్టిగా తిట్లు తిన్నాడు. నా పేరు గానీ ఊరి పేరు గానీ చెప్పి తప్పించుకోలేదు. ఘనపూర్ ఆడవాళ్లు "పెట్టెలు ఎందుకు రాలే" అని ఫోన్ చేస్తే దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. చెప్పాను. వాళ్లూ తెల్ల పళ్లేలు పట్టుకుని తమ పెట్టెలు కొట్టి చూసుకున్నారు. ఏమీ రాలేదు. ఆ ఫోన్ విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. నల్లి ఆ ఊరి పొలిమేర దాటలేదు.

ఇక రాణీగల సంగతి. అన్ని పెట్టెల్లో రాణీగలను నా వేళ్లతో పట్టాను. ఒక్కటి కూడా చావలేదు, ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఇది గొప్ప చెప్పుకోవడమే. చెప్పుకుంటున్నాను.

ఖాళీ పూత

ఆ ఏడు కానుగ ఎన్నడూ లేనంతగా పూసింది. గట్ల కింద పూలు రాలి తెల్లగా పరుచుకున్నాయి. ఆ పూత మీద వాలి తేనె తెచ్చుకోవడానికి ఈగలు లేవు. ఆడవాళ్లు ఆ చెట్ల కింద నుంచి తల దించుకుని నడిచేవాళ్లు. మేడం చెప్పినట్టు గంధకం పొడి ఫ్రేముల పైకర్రల మీద పల్చగా చల్లాం. చక్కెర నీళ్లు పెట్టాం. రాణీగలను వదిలాం. గుడ్లు పెట్టాయి, పిల్ల వచ్చింది. పళ్లెం తీసుకుని ఇంటింటికీ తిరిగి కొట్టి చూశాను. మొదట ఒకటీ అరా కనిపించాయి, ఆ పెట్టెల్లో మళ్లీ తీశాం. ఆ తర్వాత పళ్లెం తెల్లగానే ఉంది.

ఇక్కడితో గెలిచామనుకుంటారు. నేను అనుకోలేదు. నా భయం అంతా తోడు గురించే. పెట్టెలు బలహీనంగా ఉన్నాయి కాబట్టి అందరికీ తోడు కావాలి. మళ్లీ చూడకుండా ఇచ్చిపుచ్చుకుంటే, ఎక్కడో ఒక మూల మిగిలిన నల్లి మళ్లీ ఊరంతా తిరుగుతుంది. "పళ్లెంలో కొట్టి చూశాకే తోడు తీసుకోండి" అని మీటింగులో చెప్పాను. అందరూ తల ఊపారు. ఆ ఊపు నాకు తెలుసు. తోడిచ్చిన మనిషి ముందు పళ్లెం తెచ్చి పెట్టడం అంటే ఆమె ముఖం మీద అనుమానం పెట్టడమే. అంత మాట ఎవరు అంటారు, ఎవరు పడతారు? ఒక్కరైనా ముందు చేస్తే తప్ప ఆ పద్ధతి మారదు.

మల్లవ్వ పెట్టెలే అన్నిటికంటే వెనకబడ్డాయి. ఎక్కువ పిల్ల ఉన్నది ఆమె దగ్గరే, ఎక్కువ కోసిందీ ఆమే. ముసలి ఈగలు చనిపోతుంటే వాటి స్థానంలోకి కొత్తవి రాలేదు. కొన్ని పెట్టెలు ఖాళీ అయ్యాయి. మిగిలినవాటిలో పిడికెడు ఈగలు. ఊరంతటికీ తోడిచ్చిన మనిషి, తను ఒక్కరిని కూడా అడగలేదు.

"అడుగొచ్చు గద అత్తా" అని స్వరూప అంటే, "నాకేం పని, ఉన్నయి గద" అనేదట.

వానలు వెళ్లి కంది పూత మొదలైన రోజుల్లో నేను వాళ్లింటికి వెళ్లాను. పెరట్లో పెట్టె మూత తీసి చూస్తున్నాం. రమ వచ్చింది. చేతిలో తడిగుడ్డ చుట్టిన ఫ్రేము.

"అవ్వా, తోడు తెచ్చిన" అంది.

మల్లవ్వ చేయి చాపలేదు. "నేనడిగిన్నా?"

"అడుగకున్నా తెచ్చిన."

"నీ పెట్టెకే సాలవు గద."

"సాలుతయి. పట్టు, నా సేతులు గుంజుతున్నయి."

మల్లవ్వ ఆ ఫ్రేము అందుకుని గుడ్డ విప్పింది. నిండుగా మూతలు పడిన పిల్ల. పెట్టెలో దించేస్తుందనుకున్నాను. దించలేదు. ఫ్రేము నా చేతికిచ్చి ఇంట్లోకి వెళ్లింది. తెల్ల పళ్లెం తెచ్చి రాతి మీద పెట్టింది. స్వరూప చేస్తున్న పని ఆపేసింది. నేను రమ ముఖం వైపు చూడలేకపోయాను.

మల్లవ్వ ఫ్రేము తీసుకుని పళ్లెం అంచు మీద కొట్టింది. నలుగురం వంగాం. ఏమీ లేదు.

"ఏమనుకోకే రమా" అంది మల్లవ్వ, కళ్లెత్తకుండా.

రమ కొంగు నడుముకు చెక్కుకుని పళ్లెం దగ్గర గొంతుక్కూర్చుంది.

"గంత మెల్లగ కొడితె ఏం రాలుతదవ్వా. గట్టిగ కొట్టు, నేను సూస్త."